పద్నాలుగు రోజుల సిలిండర్

ఇరవై రెండు కిలోల గ్యాస్ సిలిండర్ ఎనిమిది మందికి ఎన్ని రోజులు వస్తుంది? దీనికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ నేను లెక్కపెట్టి చూసినవే. పన్నెండు, పదమూడు, పదహారు. పొయ్యి అదే, గిన్నెలు అవే, తినేవాళ్లూ వాళ్లే. అంకె మాత్రం మారింది. ఎందుకు మారిందో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది.

షార్జాలో సజ్జా అనే ఫ్యాక్టరీల ప్రాంతంలో ఉండేది కార్మికులుండే మా క్యాంపు. కరోనా మాస్కులు అందరి గడ్డాల కిందికి జారిపోతున్న ఏడాది అది. నేను అల్యూమినియం తుక్కు కరిగించే ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక బరువు, బయటికి పోయేటప్పుడు ఒక బరువు, రెండింటి తేడా రాయడం నా పని. నా చదువు ఏడో తరగతిలో ఆగింది, లెక్కలు ఆగలేదు. తీసివేత మీద నాకెంత నమ్మకమంటే, ఏదైనా తగ్గిందంటే ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అని అడుగుతాను. ఎవరు తీశారు అని అడగడం నాకు తోచదు. ఆ ఎండాకాలం అది కూడా అడగాల్సింది.

మా మెస్‌లో ఎనిమిది మందిమి, అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లవాళ్లమే. వరండా చివర రెండు వంటగదులుండేవి. ఒకటి మాది, పక్కది గోదావరి జిల్లాల వాళ్లది. అంతకుముందు సిలిండర్ పొయ్యి పక్కనే నిలబడి ఉండేది. దాని భుజం మీద ఉల్లిగడ్డల సంచి పెట్టుకునేవాళ్లం. ఒక రోజు గోడ మీద ఒక పేజీ నోటీసు వెలిసింది. అంతా అరబ్బీ, పక్కన రెండు మూడు బొమ్మలు, కింద గుండ్రటి ముద్ర. వారం తిరగకుండా సిలిండర్లు రెండూ గోడ బయటికి వెళ్లిపోయాయి. వాటి చుట్టూ ఇనుప జాలీతో బోను కట్టారు. గోడకు చిల్లి వేసి రాగి గొట్టం లోపలికి తెచ్చారు. బోనుకు తాళం, తాళంచెవి మా క్యాంపును చూసుకునే క్యాంపు బాస్ నడుముకు.

అంతవరకు నాకు ఏ పేచీ లేదు. నలభై ఆరు డిగ్రీల ఎండలో రేకుల వంటగదిలో సిలిండర్ ఉండకూడదని చెప్పడానికి ప్రభుత్వమే అక్కర్లేదు, అక్కడ ఉల్లిగడ్డలు కోసినవాడెవడైనా చెప్తాడు. పేచీ అంతా ఆ తర్వాతి మాటతో వచ్చింది. క్యాంపు బాస్ మమ్మల్ని వరండాలో నిలబెట్టి, నోటీసు మీద వేలు పెట్టి, అందరికీ అర్థమయ్యే హిందీలో చెప్పాడు.

"సర్కారీ ఆర్డర్ హై. ఏక్ కిచెన్, ఏక్ సిలిండర్, చౌదా దిన్. చౌదా సే పెహలే ఖతమ్, తో కిచెన్ ఖలాస్. సబ్ కేటరింగ్ ఖాయేగా."

అంటే ఒక్కో వంటగదికి పద్నాలుగు రోజులకు ఒక్క సిలిండర్. ముందే అయిపోతే వంటగది మూత, అందరూ కేటరింగ్ వాడి డబ్బాకు ప్లేటు పట్టుకుని నిలబడాల్సిందే.

ముందు పడిపోయింది గోదావరి వాళ్ల వంటగది. వాళ్ల సిలిండర్ మాకంటే వారం ముందు పెట్టింది, పదకొండో రోజుకే ఊపిరి వదిలింది. వాళ్లలో అమలాపురం వైపు ఆయన ఒకడు, మనిషి నిండా నవ్వే. ఆ సాయంత్రం కేటరింగ్ ప్లేటు పట్టుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, చేపల పులుసు పద్నాలుగు రోజులు ఆగుతుందేంటండి? చేపకి క్యాలెండర్ చదవడం రాదు కదండీ."

"మరి అది ఏం కూర?" అని అడిగాను, ప్లేటు చూసి.

"పప్పన్నారండి. ఆయ్, పప్పు ఇందులోకి వచ్చి వెళ్లిపోయినట్టుందండి."

మా సిలిండర్ గొట్టానికి తగిలించిన తేదీ నేను వంటగది తలుపు వెనక సుద్దముక్కతో రాసి పెట్టాను. అంతకుముందు రెండేళ్ల తేదీలు కూడా అక్కడే ఉన్నాయి. అన్నిటికీ తీసివేత వేశాను. ఎప్పుడు చూసినా పన్నెండు రోజులే. ఇంకా రెండు రోజులు పుట్టించాలి.

పుట్టించకపోతే మిగతా ఏడుగురం నీళ్ల పప్పు తిని తిట్టుకునేవాళ్లం, అంతే. కాకకు మాత్రం అలా కాదు. కాక మా మెస్‌లో అందరికంటే పెద్దవాడు, యాభై ఎనిమిదేళ్లు, మా ఫ్యాక్టరీలోనే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆయనకు షుగర్ ఉంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లను కంపెనీ డాక్టరు ఏడాదికోసారి చూసి, ఫిట్ అని రాసిస్తేనే బండి ఎక్కనిస్తారు. కిందటేడు ఆ డాక్టరు అంచు మీద వదిలాడు. ఈసారి షుగర్ దిగకపోతే లోడింగ్‌లో వేస్తామని ఆఫీసులో ముందే చెప్పారు. లోడింగ్ అంటే రోజంతా తుక్కు మోయడం. కాక నడుముకు అది వారం రోజుల పని, ఆ తర్వాత ఇంటికి టికెట్టే. షుగర్ దిగాలంటే అన్నం మానాలి, పూటకు రెండు జొన్నరొట్టెలు తినాలి. కేటరింగ్‌లో ఉండేవి రెండే, తెల్ల అన్నం, మైదా పరోటా. డాక్టరు పిలుపుకు అప్పటికి ఐదు వారాలుంది.

జొన్నరొట్టె సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఎసరు మరగాలి, మరిగిన నీళ్లు పిండిలో పోయాలి, తర్వాత పెనం బాగా కాగాలి, రొట్టె రెండువైపులా కాలాలి. మా పొయ్యి మీద అన్నిటికంటే ఎక్కువ గ్యాస్ తాగేది అదే. అంటే వంటగదిని మూయించేదీ రొట్టే, కాకను నిలబెట్టేదీ రొట్టే. నాలాంటివాడికి ఇంతకంటే రుచైన లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ఇరవై రెండును పన్నెండుతో భాగించాను. రోజుకు కిలో ఎనిమిది వందల గ్రాముల పైన మండిస్తున్నాం. పద్నాలుగుతో భాగించాను. కిలో ఐదు వందల డెబ్బై దగ్గర ఆగాలి. రోజుకు రెండు వందల అరవై గ్రాములు మిగల్చాలి. తలుపు వెనక రూల్స్ రాశాను. పప్పు పొద్దున్నే నానాలి. ఏ గిన్నె అయినా మూత లేకుండా పొయ్యి ఎక్కకూడదు. కూరగాయలు కోయడం పూర్తయ్యాకే పొయ్యి వెలగాలి. చాయ్ రోజుకు రెండుసార్లే, అందరికీ కలిపి ఒకే గిన్నెలో.

అమలాపురం ఆయన వచ్చి చదివి, "ఒక క్యాంపు బాస్ చాలడనుకున్నారాండి?" అన్నాడు.

మా వాళ్లయితే చాయ్ రూలు దగ్గరే గొడవకు దిగారు.

"ఏందన్నా గిది? దుబాయ్‌ల చాయ్ గూడ దొరకకుంటే మేమెందుకొచ్చినం?"

"కాక రొట్టె కోసం," అన్నాను.

అందరూ కాక వైపు చూశారు. కాక కిందికి చూశాడు. ఆ చూపు సిగ్గుతో అనుకున్నాను అప్పుడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, మాటల మధ్యలో సిలిండర్ సంగతి చెప్పాను. మా ఆవిడ నవ్వింది.

"గాడ గూడ గ్యాస్ లెక్కనేనా? ఈడ సర్కారోళ్లు సిలిండర్ ఇచ్చిండ్రు, నింపిచ్చుడు మాత్రం మనదే. నేను దాన్ని చుట్టాలొస్తెనే ముట్టిస్త. రొట్టె కట్టెల పొయ్యి మీదనే."

"ఇక్కడ కట్టెలెక్కడివే? చుట్టూ ఇసుకే."

"ఎండ లేదా? దినాం ఎండ ఎండ అని ఏడుస్తవు గద. నీళ్లు ఎండల పెట్టు, సగం ఎసరు అదే కాగుతది."

ఏడో తరగతి వరకు నాకు పాఠం చెప్పిన ఎవరికీ ఇంత తెలివి లేదు. మర్నాడు పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సెక్కే ముందు, అడుగు మాడి నల్లబడ్డ బొగానె ఒకటి తాగే నీళ్లతో నింపి, మూత పెట్టి, మీద ఇటుక పెట్టి డాబా మీద వదిలాను. సాయంత్రం ఆరున్నరకు వచ్చి మూత తీస్తే వేలు పెట్టలేకపోయాను. ఆ నీళ్లు మామూలు నీళ్లకంటే సగం టైములోనే మరిగాయి, వాచీ పెట్టి చూశాను. అప్పటినుంచి పప్పుకు, అన్నానికి, కాక రొట్టెపిండికి డాబా నీళ్లే. గ్యాస్ గురించి ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని నోటీసులైనా అంటించనీ, సూర్యుడి మీద ఇంతవరకు ఎవరూ అంటించలేదు.

ఇక మిగిలిన గ్యాస్ ఎంతో తెలియాలి. కాటా మీద పెట్టి తూచుదామంటే సిలిండర్ బోనులో ఉంది. దానికీ ఒక దారి దొరికింది. ఇనుము మీద తడిగుడ్డతో తుడిస్తే, లోపల గ్యాస్ ద్రవంగా ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, పైన ఖాళీ ఉన్న చోట తొందరగా ఆరుతుంది. కర్రకు మసిగుడ్డ కట్టి, జాలీ సందులోంచి సిలిండర్‌ను పైనుంచి కిందికి తుడిచేవాణ్ణి. తడి ఎక్కడ ఆగిందో అక్కడికి ఆ రోజు మట్టం. దానికంటే ముందే, సిలిండర్ కొత్తగా పెట్టిన రోజున, క్యాంపు బాస్ తాళం వేయబోతుంటే అడిగి మరీ, దాని ఎత్తును పద్నాలుగు సమాన భాగాలు చేసి సుద్దతో గీతలు గీశాను.

కాక ఆ గీతలు చూసి ఆగిపోయాడు. "ఏం కొడుకా, దీనికి నామాలు పెడుతున్నవా?"

"రోజుకొక నామం కరగాలి కాకా. అంతే."

నామాలు సరిగ్గానే కరిగాయి. ఐదో రోజుకు ఐదు, తొమ్మిదో రోజుకు తొమ్మిది. పదకొండో రోజున మూడు గీతలు మిగిలి ఉన్నాయి, మూడు రోజులు మిగిలి ఉన్నాయి. నేను వరండాలో ఛాతీ ముందుకు పెట్టి నడిచాను. అమలాపురం ఆయనకు కూడా బోను దగ్గరికి తీసుకెళ్లి చూపించాను.

పన్నెండో రోజున గీత అనుకున్నదానికంటే కొంచెం కిందికి ఉంది. సుద్ద చెరిగిందేమో అనుకున్నాను. పదమూడో రోజు సాయంత్రం కాక రెండో రొట్టె పెనం మీద వేసి తిరగేయబోతుంటే మంట నీలం నుంచి పసుపు అయింది, చిన్నదైంది, టప్‌మని ఆరిపోయింది. సగం కాలిన రొట్టెను కాక ఒక వేలితో నొక్కి చూశాడు.

"నా లెక్క తప్పదు," అన్నాను నేను, ఎవరూ అడగకముందే.

"ఏం లెక్కనే నీది," అన్నాడు కాక, కోపం లేకుండా. "సిలిండర్ అడుగు గుండ్రంగ ఉన్నది కాదూ? కుండ కిందికి వోతే సన్నగైతది. బియ్యం కుండల చెయ్యి పెట్టిన ఎవలకైనా ఎర్కే."

నిజమే. ఎత్తును సమానంగా పంచాను, సిలిండర్ మాత్రం పైనా కిందా గుండ్రటిది. అడుగు భాగంలో వేలెడు ఎత్తుకు పట్టే గ్యాస్ తక్కువ. ఇంత చిన్న సంగతి మరిచిపోయినందుకు ముందు సిగ్గుపడ్డాను, తర్వాత కూర్చుని లెక్క వేశాను. గుండ్రం వల్ల తగ్గింది సగం రోజు గ్యాస్. ఇంకో సగం రోజు గ్యాస్ ఎటు పోయిందో తేలలేదు. తలుపు వెనక దాన్ని కూడా రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాను.

మర్నాడే క్యాంపు బాస్ బోనులో వాల్వు కట్టేశాడు. "ఖలాస్. ఆజ్ సే కేటరింగ్."

రెండు రోజులు కాక అన్నం, పరోటా తిన్నాడు. సగం పరోటా వదిలేసేవాడు, అయినా వేలికి గుచ్చి చూసుకునే చిన్న మిషను మీద అంకె నిలబడలేదు. పొద్దున్నే నూట నలభై దగ్గర ఉండేది నూట తొంభై దాటింది. కాక ఆ మిషను నా చేతిలో పెట్టి, "చూడు కొడుకా, ఇది గూడ నీ లెక్కల్నే రాసుకో," అన్నాడు. అంతమాత్రానికి నాకు ముద్ద దిగలేదు. అది కేటరింగ్ ముద్ద కాబట్టి కూడా కావచ్చు.

అప్పుడు వెళ్లి ఆ నోటీసు ముందు నిలబడ్డాను. నాకు అరబ్బీ ఒక్క అక్షరం రాదు. అంకెలు మాత్రం వచ్చు. ఇక్కడ నోటుకు ఒకవైపు అరబ్బీ అంకె ఉంటుంది, రెండోవైపు ఇంగ్లీషు అంకె ఉంటుంది. ఊరికే ఉన్న సాయంత్రాల్లో తిప్పి తిప్పి చూసి నేర్చుకున్నాను. వాళ్ల అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా చుక్కలా ఉంటుంది. నోటీసులో ఎక్కడెక్కడ అంకెలున్నాయో పై నుంచి కింది దాకా వేలుతో వెతికాను. పదకొండు చోట్ల ఉన్నాయి. చాలా వరకు బొమ్మల పక్కనే: గోడకూ సిలిండర్‌కూ మధ్య బాణం గుర్తు, గొట్టానికి ఒక బాణం గుర్తు. ఎక్కడా పద్నాలుగు లేదు.

క్యాంపు బాస్‌ను పిలుచుకొచ్చాను. వెనకాలే మా వాళ్లు ఏడుగురూ వచ్చారు, అమలాపురం ఆయన టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చాడు.

"భాయ్, చౌదా కిధర్ హై?"

"ఇధర్," అని ఆయన వెంటనే నోటీసు పైమూల చూపించాడు. వేలు సరిగ్గా ఒకటి, నాలుగు మీదే ఉంది. ఆయన వేలు కొంచెం పక్కకు జరిపాను. ఆ నాలుగు పక్కన ఇంకో రెండు అంకెలున్నాయి.

"భాయ్, యే సాల్ హై. హిజ్రీ సాల్."

అది వాళ్ల సంవత్సరం. పద్నాలుగు వందల చిల్లర నడుస్తోంది. ఆయన మొదటి రెండు అంకెలు చదివి అక్కడే ఆగిపోయాడు. నేను అందరికీ తెలుగులో వివరించాను, "ఆ లెక్కన ఇంకో యాభై ఏళ్ల పైదాకా ఈ దేశంలో ప్రతి సర్కారు కాగితమూ మన సిలిండర్ గురించే."

అమలాపురం ఆయన టూత్‌బ్రష్ తీసి, "మా చేపల పులుసుని సంవత్సరం మింగేసిందాండి?" అన్నాడు.

క్యాంపు బాస్‌కు నిజంగానే చదవడం రాలేదా, లేక కేటరింగ్ అంటే తాళాలు, సంతకాలు తగ్గుతాయని అలా చదివాడా, ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. సగం సగం అనుకుంటాను. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "ఆఫీస్ నే బోలా," అన్నాడు. ఆఫీసును అడగడానికి మాలో ఎవరికీ దారి లేదు.

దారి దానంతట అదే వచ్చింది. మూడో రోజు సిలిండర్లు చూడటానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ వారం మాకు రెండో షిఫ్టు పడడంతో ఆ పొద్దున క్యాంపులోనే ఉన్నాం. ఒంటి మీద తెల్లటి కందూరా, పాదాల దాకా ఉండే అరబ్బు అంగీ, చేతిలో టేపు. వెంట హిందీ తెలిసిన డ్రైవరు. క్యాంపు బాస్ ఆ ముందు రోజే బోనుకు ఎర్ర రంగు వేయించాడు, అది ఇంకా ఆరలేదు. ఇన్‌స్పెక్టర్ గోడ నుంచి దూరం కొలిచాడు, గొట్టం తడిమాడు, మంటలార్పే డబ్బా మీద తేదీ చూశాడు. అన్నిటికీ తల ఊపాడు. తర్వాత మా సిలిండర్ దగ్గర ఆగి, సుద్ద గీతలు చూసి, "షూ హాదా?" అన్నాడు. ఇదేమిటి అని.

క్యాంపు బాస్ నన్ను కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు. నేను ముందుకు వెళ్లాను.

నాకొచ్చిన హిందీలో చెప్పాను, డ్రైవరు అరబ్బీ చేశాడు. పద్నాలుగు రోజులు, పద్నాలుగు గీతలు, తడిగుడ్డ, డాబా మీద బొగానె, కాక షుగర్, అడుగు గుండ్రం. చివరికి నోటీసు చూపించి, పద్నాలుగు ఎక్కడుందో చెప్పమన్నాను. ఇన్‌స్పెక్టర్ నోటీసు చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత పెద్దగా నవ్వి, డ్రైవరుతో ఏదో చెప్పాడు.

డ్రైవరు మాకు చెప్పాడు, "సాబ్ అంటున్నాడు, సిలిండర్ బయట ఉండాలి, అంతే మా రూలు. లోపల మీరు రొట్టె కాలుస్తారో, రోజుకు ఎంత మండిస్తారో ప్రభుత్వానికి ఏం పని?"

ఇన్‌స్పెక్టర్ క్యాంపు బాస్ వైపు తిరిగి రెండు మాటలన్నాడు. వాటిని డ్రైవరు అనువదించలేదు. వెళ్తూ వెళ్తూ నా వైపు వేలు చూపి, "ముహందిస్!" అన్నాడు. ఇంజినీరు అని. బోనుకు చేయి ఆనించబోయి ఎర్ర రంగు అంటించుకున్నాడు, అయినా నవ్వుతూనే బండెక్కాడు.

మధ్యాహ్నానికల్లా వాల్వు తెరుచుకుంది, రెండు వంటగదులకూ కొత్త సిలిండర్లొచ్చాయి. గోదావరి వంటగదిలో చేపల పులుసు ఎంత గట్టిగా ఉడికిందంటే మా పప్పుకు కూడా ఆ వాసనే పట్టింది. నా రూల్స్ అన్నీ మా వాళ్లు తడిగుడ్డతో తుడిచేశారు. నేనేం అనలేదు. డాబా మీద బొగానె మాత్రం కాక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మిగిలిన మూడు వారాలు పూటకు రెండు రొట్టెలు కాలాయి. కాక డాక్టరు దగ్గరికి పోయి, చిన్న కాగితం జేబులో పెట్టుకుని వచ్చాడు. ఫిట్. సాయంత్రం బస్సు దిగగానే అది నా చేతిలో పెట్టాడు. అంకె చూశాను, కిందటేడు కంటే తక్కువ. అందరం వంటగదిలో చేరాం, చాయ్ పెట్టారు, ఒకే పెద్ద గిన్నెలో.

నాకు ఒక్కటే అర్థం కాలేదు, ఊరుకోలేక అడిగేశాను. "రూల్స్ పెట్టి అంత కట్టడి చేస్తే పదమూడు రోజులు వచ్చిన సిలిండర్, ఇప్పుడు ఏ రూలూ లేకుండా పదహారు రోజులు ఎట్ల వచ్చింది?"

ఒకడు దగ్గాడు. చివరికి కాకే నోరు విప్పాడు.

"కొడుకా, నువ్వు చాయ్ బంద్ పెట్టినవు గద. నేను దినాం నువ్వు స్నానానికి పోయినప్పుడు చిన్న గిన్నెల ఒక్క కప్పు పెట్టుకునేటోన్ని. చక్కెర లేకుంటనే."

"నేను పొద్దున, మీరు బొగానె ఎత్తుకుని డాబా ఎక్కంగ," అన్నాడు ఒకడు.

"నేను నువ్వు బోను కాడ గుడ్డ తుడుస్తుంటె," అన్నాడు ఇంకొకడు. "ఎవలన్న వస్తరేమోనని మంట మస్తు పెద్దగ పెట్టి."

ఒకరి తర్వాత ఒకరు, ఏడుగురూ ఒప్పుకున్నారు. ఒక్కో కప్పుకు ఒక్కో గిన్నె, ఒక్కోసారి పొయ్యి, మూత లేకుండా, భయంతో పెద్ద మంట. నా తేలని సగం రోజే కాదు, ఆ మూడు రోజుల తేడా కూడా అక్కడే ఉంది. ఇప్పుడు దాక్కునే పని లేదు, చాయ్ అందరికీ ఒకే గిన్నెలో, ఎసరుకు డాబా నీళ్లు ఎలాగూ ఉన్నాయి. తన రొట్టెను కాపాడే వంటగదిని కాక తన చాయ్‌తోనే మూయించబోయాడు.

గుమ్మంలో నిలబడి విన్న అమలాపురం ఆయన, "మరి గురువుగారి సంగతేంటండి?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పలేను, అంకెల విషయంలో. సెలవు రోజుల్లో అందరూ మధ్యాహ్నం పడుకున్నాక గొట్టం లీకవుతోందేమో చూస్తానని వంటగదిలోకి వెళ్లేవాణ్ణి. లీకు చూడాలంటే పొయ్యి వెలిగించాలి. వెలిగించాక ఊరికే ఆర్పడమెందుకని ఒక కప్పు.

ఎనిమిది మందిలో ఎనిమిది మంది. ఇంత నిండైన అంకె కాటా దగ్గర కూడా నేనెప్పుడూ చూడలేదు. తలుపు వెనక ప్రశ్న గుర్తు తుడిచేసి అక్కడ ఎనిమిది అని రాశాను. ఈలోగా పొయ్యి మీద చాయ్ పొంగబోతోంది.

"మూత పెట్టు ముహందిస్," అన్నాడు కాక. "గ్యాస్ పోతది."